మడత సైకిల్‌కి హ్యాండిల్ మార్చాక వైర్లు ఎందుకు మొరాయిస్తాయి

మీరు చెప్పిన బాధ క్లుప్తంగా ఇదీ. 20 అంగుళాల చక్రాల మడత సైకిల్, వెనక 7 గేర్లు, వి-బ్రేకులు (రెండు చేతులతో రిమ్ముని పక్కలనుంచి పట్టే రకం). రోజూ సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురంలో దిగుతారు. అక్కడ సైకిల్ మడిచి రైల్లో పెట్టుకుని భీమవరం వెళ్తారు. మణికట్లు నొప్పి పెడుతున్నాయని తిన్నటి హ్యాండిల్ తీయించి, 60 మి.మీ. పైకి లేచే హ్యాండిల్ వేయించారు. అప్పటినుంచి కుడికి బాగా తిప్పితే వెనక బ్రేకు దానంతటదే పట్టేస్తోంది, మడిచి విప్పిన ప్రతిసారీ గేరు తప్పుతోంది, బ్రేకు లీవరు రాయిలా బిగిసిపోయింది. షాపులో మూడుసార్లు టైటు చేశారు, తగ్గలేదు.

టైటు చేస్తే తగ్గదండి, ఇంకా పెరుగుతుంది. మీరు చెప్పిన మూడూ వేర్వేరు రోగాలు కావు. హ్యాండిల్ పైకి వెళ్లింది, ఔటర్లు, అంటే వైరు పైనుండే గొట్టాలు, మాత్రం పాత కొలతవే ఉండిపోయాయి.

బ్రేకు వైరులో లాగేది లోపలి తీగ, అంటే ఇన్నరే అయినా, ఆ లాగుడుకి ఎదురునిలిచేది ఔటరు. ఔటరు పొట్టిదైతే, హ్యాండిల్ తిప్పినప్పుడు ముందుకు జరిగే చేతి వైపు అది బిగదీసుకుని, చివరనున్న టోపీ తాను ఆనుకునే గూట్లోంచి పైకి లేస్తుంది. టోపీ ఒక మి.మీ. లేచిందంటే ఇన్నరును ఒక మి.మీ. లాగినట్టే. మీరు లీవరు ముట్టుకోకపోయినా బ్రేకు పడుతుంది. వెనక బ్రేకు లీవరు ఎడమ చేతికి ఉంటే, కుడికి తిప్పినప్పుడు ఎడమ పిడి ముందుకు పోతుంది. అందుకే మీకు కుడి మలుపులోనే పట్టేస్తోంది.

గేరుకి ఈ లెక్క ఇంకా సున్నితం. 7 గేర్ల షిమానో కంపెనీ పద్ధతిలో వైరు 1 మి.మీ. కదిలితే డిరైలరు (గొలుసును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) సుమారు 1.7 మి.మీ. కదులుతుంది. పక్కపక్క పళ్లచక్రాల మధ్య దూరం దాదాపు 5 మి.మీ. అంటే ఒక గేరు మారడానికి వైరు 3 మి.మీ. కూడా కదలక్కర్లేదు. ఔటరు టోపీ సగం మి.మీ. పక్కకి కూర్చున్నా గొలుసు గరగరలాడుతుంది. మీ సైకిల్‌కి జరిగింది బహుశా ఇది: పైన ఔటరు చాలక, ఫ్రేము మధ్యలో మడత బందు దగ్గర తయారీదారు వదిలిన వదులును పైకి లాగేసి సర్దారు. ఆ వదులు ఉండేది ఫ్రేము మడిచినప్పుడు వైరు బిగుసుకోకుండా ఉండటానికే. అది పోయాక, మడిచిన ప్రతిసారీ ఔటరు గూటిలోంచి బయటికొస్తుంది, విప్పినప్పుడు మళ్లీ సరిగ్గా అక్కడే కూర్చోదు. బందు దగ్గర వైర్లు ఫ్రేముకి అంటుకుని నిటారుగా ఉన్నాయా, చిన్న విల్లులా ఉబ్బి ఉన్నాయా చూడండి. నిటారుగా ఉంటే ఇదే కారణం.

కొత్తగా హ్యాండిల్ కొనాలనుకునే వాళ్లకి ముందుగా ఒక మాట. చవకరకం మడత సైకిళ్లలో హ్యాండిల్‌నీ దాన్ని మోసే నిలువు గొట్టాన్నీ కలిపి వెల్డు చేసేస్తారు. వాటికి హ్యాండిల్ ఒక్కటే మారదు. బోల్టులతో బిగించే రకమైతే, క్లాంపు దగ్గర లావు చాలావరకు 25.4 మి.మీ. ఉంటుంది. ఇప్పుడొచ్చే మౌంటెన్ సైకిల్ హ్యాండిళ్లు ఎక్కువగా 31.8 మి.మీ., అవి పట్టవు. సన్న హ్యాండిల్‌ని పెద్ద క్లాంపులో రేకు చుట్టి బిగించవచ్చు కానీ, లావుదాన్ని చిన్న క్లాంపులో దూర్చే దారి లేదు. పిడుల దగ్గర 22.2 మి.మీ. ఉండాలి, మీ లీవర్లూ గేరు మీటా ఆ కొలతకే ఉంటాయి. రేసు సైకిల్ వంపు హ్యాండిల్ 23.8 మి.మీ. ఉంటుంది. పైగా దాని లీవరు వైరును తక్కువ లాగుతుంది, వి-బ్రేకుకి ఆ లాగుడు చాలదు. కాబట్టి ఆ ఆలోచన మానుకోవడం మంచిది. ఒకే బోల్టు ఉన్న క్లాంపులో హ్యాండిల్‌ని పక్కనుంచి దూర్చాలి. బ్రాంప్టన్ కంపెనీ మడత సైకిల్‌లో ఇలాగే ఉంటుంది. వంపు మరీ పదునుగా ఉన్న హ్యాండిల్ ఆ కంతలోంచి తిరగదు.

ఇక మడత. మడిచినప్పుడు హ్యాండిల్ తలకిందులై వేలాడుతుంది. అందుకని పైకి పెంచిన 60 మి.మీ. మడతలో నేల వైపు దిగుతుంది. నిలువు గొట్టం మడత బందు నుంచి నేలకి ఎంత ఉందో, బందు నుంచి హ్యాండిల్ పై అంచుకి ఎంత ఉందో టేపుతో కొలిచి చూసుకోండి. మధ్యలో కనీసం 40 మి.మీ. ఖాళీ మిగలాలి. లేకపోతే పంటు మీద రేకుకి, రైలు పెట్టె నేలకి పిడి కొట్టుకుంటూనే ఉంటుంది. గొట్టం రెండు చక్రాల మధ్యకి మడిచే రకమైతే ఇంకోటి కూడా చూడాలి: లీవరు కొస చువ్వల్లోకి పోతుందేమో.

మణికట్టు నొప్పికి ఎత్తు ఒక్కటే మందు అనుకోవద్దు. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు ముందుకు జారి బరువంతా చేతుల మీద పడుతుంది. దాన్ని సమంగా పెట్టడానికి పైసా ఖర్చు లేదు. లీవర్లను ముంజేతికి వరసలో వచ్చేలా కిందికి వంచడానికీ ఖర్చు లేదు. నన్నడిగితే, 60 మి.మీ. పైకి లేచి తిన్నగా ఉన్న హ్యాండిల్ కంటే, 30 మి.మీ. లేచి 15 డిగ్రీలు వెనక్కి వాలినది మణికట్టుకి ఎక్కువ సుఖం. పిడులు మీ వైపు వస్తాయి కాబట్టి పాత ఔటర్లు సరిపోయే అవకాశమూ ఎక్కువ. మీరు ఇప్పటికే కొన్నారు గనక అదే ఉంచి, వైర్లు సరిచేసే పని చెబుతాను.

ముందు గేరు మీటను చిన్న పళ్లచక్రం మీదికి తెచ్చి, వెనక డిరైలరు దగ్గర వైరు బోల్టు వదులు చేయండి. తర్వాత బ్రేకు చేతులు కలిపి పట్టుకుని, వైరు దూరివచ్చే వంపు గొట్టాన్ని దాని గూటిలోంచి జారవిడవండి. బ్రేకు లీవరు దగ్గర సర్దే మరకీ, దాని లాకు చుట్టుకీ, లీవరుకీ ఒక్కో చీలిక ఉంటుంది. మూడూ ఒకే వరసలోకి తిప్పితే వైరు తల పక్కకి ఊడివస్తుంది. వైరు కోయాల్సిన పని లేదు. రబ్బరు పిడులు రాకపోతే సన్న సూదితో కింద సర్జికల్ స్పిరిట్ ఎక్కించి తిప్పండి, జారి వస్తాయి. మళ్లీ ఎక్కించేటప్పుడూ స్పిరిటే వాడండి, అది ఆరిపోయి పిడి పట్టుకుంటుంది. సబ్బునీళ్లయితే రోజుల తరబడి లోపల ఉండిపోతాయి. నూనె అసలు వద్దు. పిడి చేతిలో ఊడివస్తే ఏటిగట్టు మీంచి కింద పడతారు.

క్లాంపు లోపలా, హ్యాండిల్ మధ్యలోనూ జిడ్డు లేకుండా తుడవండి. గ్రీజు బోల్టు మరలకే. నాలుగు బోల్టులుంటే ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. పై సందు, కింది సందు సమానంగా కనిపించాలి. చాలా వాటికి 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది. బోల్టు పక్కన అంకె చెక్కి ఉంటే దాన్నే అనుసరించండి. టార్క్ పానా లేకపోతే కొక్కెం కాటా చాలు. అలెన్ కీ మీద బోల్టు నుంచి 10 సెం.మీ. దూరంలో కాటా తగిలించి, కీకి లంబంగా 5 కిలోలు చూపేదాకా లాగితే దాదాపు 5 న్యూటన్ మీటర్లు. తర్వాత ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, రెండు పిడుల మీద ఒంటి బరువు వేసి నొక్కండి. హ్యాండిల్ తిరగకూడదు. బ్రేకు లీవర్ల క్లాంపును మాత్రం ఇంత గట్టిగా బిగించకండి. గట్టిగా కొడితే తిరిగేంత వదులు ఉంచండి. పంటు దిగే తోపులాటలో సైకిల్ పడితే లీవరు తిరుగుతుంది, విరగదు.

హ్యాండిల్ ఎత్తు పెరిగింది కాబట్టి నిలువు గొట్టం బందు మీద ఒత్తిడీ పెరిగింది. దాని లాకు మూసేటప్పుడు అరచేతికి గట్టిగా తగలాలి. వేలితో మూసుకుపోతుంటే లోపలి కొక్కేన్ని ఒక చుట్టు బిగించండి.

ఇప్పుడు అసలు పని, ఔటరు కొలత. పాత ఔటరుకి 60 మి.మీ. కలిపి కోసేస్తే చాలదు. హ్యాండిల్ ఆకారం మారితే దారీ మారుతుంది. ఏదైనా పాత బ్రేకు ఔటరు ముక్కనో, అంత బిరుసున్న కరెంటు వైరునో తీసుకుని, లీవరు నుంచి మొదటి గూడు దాకా నిజంగా వెళ్లే దారిలో పెట్టండి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పండి. తర్వాత నిలువు గొట్టం మడవండి. ఆ తర్వాత ఫ్రేము కూడా మడవండి. ఈ నాలుగింటిలో ఎక్కడ ఎక్కువ పొడవు అడిగితే అది మీ కొలత. దానికి 10 మి.మీ. కలపండి, అంతకుమించి వద్దు. భయపడి జానెడు ఎక్కువ వదిలితే అదో కొత్త రోగం. వలయాలు మోకాలికి తగులుతాయి, మడిచినప్పుడు పెడల్ వాటిని పట్టుకుంటుంది. పైగా వైరులో ఘర్షణ వంపుల మొత్తం కోణంతో పాటు చక్రవడ్డీలా పెరుగుతుంది. ఒక పూర్తి చుట్టు అదనంగా ఉంటే లీవరు దగ్గర పెట్టిన బలంలో చాలా భాగం అక్కడే ఖర్చైపోతుంది. మీ లీవరు రాయిలా ఉండటంలో ఈ వంపుల ఘర్షణ వాటా కూడా ఉండొచ్చు. ఎందుకంటే పొట్టి ఔటరు కూడా గూటి దగ్గర మెలితిరిగి ఒకేచోట పదునుగా వంగుతుంది.

మడత బందుకి అటూ ఇటూ 10 సెం.మీ. లోపు ప్లాస్టిక్ టై కట్టకండి. అక్కడ వైర్లకి జారే స్వేచ్ఛ కావాలి. గొట్టం మడిచేటప్పుడు బందు దవడల మధ్య ఏ వైరూ ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే ఔటరు నలగడం ఒక ఎత్తు, లాకు పూర్తిగా మూసుకోకుండా మూసుకున్నట్టు కనిపించడం ఇంకో ఎత్తు. మడత సైకిల్ మీద జరిగే ప్రమాదాల్లో నేను ఎక్కువ భయపడేది దీనికే. తొక్కుతుండగా హ్యాండిల్ కూలిపోతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

కొనేటప్పుడు బ్రేకుకి 5 మి.మీ. ఔటరు, గేరుకి 4 మి.మీ. ఔటరు అడగండి. ఇవి ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు. బ్రేకు ఔటరులో ఉక్కు తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. గేరు ఔటరులో సన్న తీగలు పొడుగునా పేర్చి ఉంటాయి. గేరు ఔటరును బ్రేకుకి వేస్తే గట్టిగా నొక్కిన రోజున ఆ తీగలు పక్కకి చీలిపోయి బ్రేకు పోతుంది. బ్రేకు ఔటరును గేరుకి వేస్తే అది నొక్కుకుపోయి గేర్లు ఎప్పటికీ కుదురుకోవు. మామూలు సైకిల్ షాపుల్లో బ్రేకు ఔటరే ఉంటుంది, 4 మి.మీ.ది తెప్పించుకోవాల్సి రావచ్చు. "రెండూ ఒకటే" అంటే నమ్మకండి. పాతదానికి ముక్క అతికిస్తామన్నా ఒప్పుకోకండి.

ఇన్నరు బ్రేకుకి 1.5 లేదా 1.6 మి.మీ., గేరుకి 1.1 లేదా 1.2 మి.మీ. మామూలుగా దొరికే పొడవులు బ్రేకుకి సుమారు 2050, గేరుకి 2100 మి.మీ. వి-బ్రేకుకి ఔటరు పొడవు మీద 250 మి.మీ., గేరుకి 150 మి.మీ. కలిపి చూసుకోండి. మీ వెనక బ్రేకు ఔటరు 1800 మి.మీ. దాటితే, గేరు ఔటర్లన్నీ కలిపి 1950 మి.మీ. దాటితే, ఇద్దరు తొక్కే సైకిల్‌కి వాడే పొడుగు వైరు కావాలి. మోటారు సైకిల్ క్లచ్ వైరు సర్దుతామనే వాళ్లుంటారు. దాని లావు వేరు, తల వేరు, వద్దు.

కోయడానికి మామూలు కటింగ్ ప్లేయరే ఉంటే, ఔటరు లోపల పాత ఇన్నరు ముక్క దూర్చి కోయండి, నొక్కుకుపోదు. కొసను ఆకురాయితో చదునుగా అరగదీసి, మూసుకుపోయిన లోపలి ప్లాస్టిక్ గొట్టాన్ని దబ్బనంతో తెరవండి. ఈ పని అరనిమిషం, కానీ లీవరు రాయిలా ఉండటానికి చాలాసార్లు ఇది చేయకపోవడమూ కారణమే. ప్రతి కొసకీ టోపీ వేయాలి, లోహపుదైతే మేలు.

సముద్రం గాలి గురించి. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు తిరిగే సైకిల్‌కి జింకు పూత ఇన్నరు ఎక్కువ కాలం ఆగదు. స్టెయిన్‌లెస్ ఇన్నరే వేయండి. తుప్పు మొదలయ్యేది కనిపించే చోట కాదు. లీవరు దగ్గర వాన నీరు దిగి, ఔటరు అన్నిటికంటే కిందికి వంగే పెడల్ ఇరుసు దగ్గర నిలబడుతుంది. పాత ఇన్నరు బయటికి తీసినప్పుడు సరిగ్గా అక్కడ ఎర్రగా ఉంటే ఔటరు కూడా మార్చేయాలి. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న ఔటరుకి చిక్కటి గ్రీజు అక్కర్లేదు. ఇన్నరుకి పల్చటి సిలికాన్ నూనె చేత్తో పట్టించి దూర్చితే చాలు. కోనసీమలో కొబ్బరి నూనెకి కరువు లేదు గనక వైర్లలో అదే పోస్తుంటారు. అది సుమారు 24 డిగ్రీల కింద పేరుకుంటుంది. ధనుర్మాసం తెల్లవారుజామున గేరు మీట నొక్కితే వైరు వెనక్కి రాదు, ఎండెక్కాక మళ్లీ బాగుంటుంది. ఎందుకో తెలియక డిరైలరు మార్చేస్తారు.

బ్రేకు సర్దడం. లీవరు దగ్గరి మరను పూర్తిగా లోపలికి తిప్పి, తర్వాత రెండు చుట్లు బయటికి తీయండి. బ్రేకు షూ రిమ్ము పై అంచుకి ఒక మి.మీ. కిందుండాలి, టైరుని తాకకూడదు. షూ వెనక కొసకి పాత ఏటీఎం కార్డు అడ్డుపెట్టి బిగిస్తే ముందు కొస ముందుగా తాకుతుంది, కీచుమనదు. రెండు షూలనీ రిమ్ముకి ఆనించి పట్టుకుని, ఇన్నరుని చేత్తో లాగి, 3 మి.మీ. వెనక్కి వదిలి, బోల్టు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు బిగించండి. లీవరును పదిసార్లు గట్టిగా నొక్కితే ఔటర్లు గూళ్లలో కూర్చుంటాయి, కొంచెం వదులవుతుంది, ఆ వదులు తీసేయండి. ఒక్కో వైపు షూకీ రిమ్ముకీ మధ్య 1 మి.మీ. చాలు. ఒక షూ రాసుకుంటుంటే, ఆ వైపు చేతి మీదున్న చిన్న స్క్రూను పావు చుట్టు బిగించండి, స్ప్రింగు గట్టిపడి దూరం జరుగుతుంది. వైరుతో దాన్ని సరిచేయాలని చూడకండి.

గేరుకి: వైరు కట్టకముందే, గొలుసు చిన్న పళ్లచక్రం మీద ఉండగా, డిరైలరు పై చక్రం దానికి సరిగ్గా కింద వరసలో ఉండేలా హెచ్ అని రాసిన స్క్రూ సర్దండి. సర్దే మరను లోపలికి తిప్పి రెండు చుట్లు బయటికి తీసి, వైరుని చేత్తో బిగువుగా లాగి కట్టండి. పెడల్ తిప్పుతూ ఒక క్లిక్కు వేయండి. రెండో చక్రం మీదికి ఎక్కకపోయినా, ఆలస్యంగా ఎక్కినా మరను పావు చుట్టు బయటికి. ఎక్కి మూడో దానికి రాసుకుంటుంటే పావు చుట్టు లోపలికి. చివరగా గొలుసు పెద్ద చక్రం మీద ఉండగా ఎల్ అని రాసిన స్క్రూ సర్దండి, గొలుసు చువ్వల్లోకి పోకూడదు.

తర్వాత సైకిల్‌ని ఐదుసార్లు పూర్తిగా మడిచి విప్పి, గేర్లు మళ్లీ చూడండి. విప్పాక గేరు తప్పితే మరతో సరిదిద్దవద్దు. రేపు మడిస్తే మళ్లీ తప్పుతుంది. మడుస్తున్నప్పుడు ఏ టోపీ గూటిలోంచి లేస్తోందో ఒకరిని పక్కన నిలబెట్టి చూడమనండి, ఆ ఔటరు ఇంకా పొట్టిది. నిలబెట్టిన సైకిల్ మీద హ్యాండిల్ రెండు వైపులా తిప్పుతూ వెనక చక్రం తిప్పి చూడండి, ఎక్కడా రాసుకోకూడదు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా గేరు తప్పుతుంటే వైరును అనుమానించే ముందు కిందికి వంగి చూడండి. 20 అంగుళాల చక్రానికి డిరైలరు నేలకి చాలా దగ్గరగా వేలాడుతుంది. దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీది గడ్డి దాని చిన్న చక్రాలకి చుట్టుకుంటే అచ్చం వైరు వదులైనట్టే ఉంటుంది.

మొదటి వారం వైర్లు కొంచెం వదులవుతాయి. సాగేది తీగ కాదు, ఔటర్ల కొసలు టోపీల్లో కుదురుకుంటాయి. బ్రేకుకి మర ఒక చుట్టు, గేరుకి అర చుట్టు బయటికి తీస్తే సరిపోతుంది. అంతదాకా ఇన్నరు తోకలు కోయకండి. వారం తర్వాత బోల్టు నుంచి 30 మి.మీ. వదిలి కోసి, కొసకి అల్యూమినియం టోపీ నొక్కండి. అది దొరకకపోతే ఒక చుక్క ఫెవీక్విక్ వేసినా తీగలు విడిపోవు.